పిన్ని స్టీలు గ్లాసు: గుంటూరు నుంచి మట్టాంచేరి దాకా దినుసుల వేట

మొదటి రోజు, గుంటూరు

మిర్చి యార్డు గేటు ఇంకా వంద గజాల దూరంలో ఉండగానే నాకు మొదటి తుమ్ము వచ్చింది. లోపలికి వెళ్ళేలోపు ఎన్ని తుమ్మానో లెక్క పెట్టడం మానేశాను. పిన్ని మాత్రం కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, పెళ్ళి పందిట్లోకి వెళ్తున్నంత హుషారుగా నడుస్తోంది.

మా ఆరు ఇళ్ళకీ ఏడాదికి సరిపడా మసాలా దినుసులు ఒకేసారి కొని పంచుకోవడం చాలా ఏళ్ళుగా ఉన్నదే. ఎప్పుడూ ఊళ్ళో హోల్‌సేల్ కొట్లో తెచ్చేవాళ్ళం. పోయినేడు తెచ్చిన మిరియాలు దంచితే చెక్కపొట్టు వాసన వచ్చింది. అప్పుడే పిన్ని తేల్చి చెప్పింది, "వచ్చే ఏడు పండే చోటికే పోయి కొంటాను, ఎవడు వస్తాడో రండి" అని. వచ్చింది నేనొక్కణ్ణే. బయల్దేరింది ఫిబ్రవరి ఆఖరు వారంలో. ఆ నెల ఎంచుకోవడంలో పిన్ని లెక్క పిన్నికుంది. అప్పటికి కొత్త మిర్చి యార్డుకు దిగుతూ ఉంటుంది, పసుపు తవ్వి ఉడకబెట్టే పని నడుస్తూ ఉంటుంది, కేరళలోని ఇడుక్కి కొండల్లో మిరియాల కోత ఇంకా అయిపోదు, ఏలకులు చివరి కోతల్లో ఉంటాయి. ఒక్క ప్రయాణంలో నాలుగూ దొరికే నెల అదే.

యార్డు నిండా టిక్కీలే. మిర్చి బస్తాను ఇక్కడ టిక్కీ అంటారు. నలభై కిలోల పైచిలుకు ఉంటుంది. పల్నాడు, ప్రకాశం, కర్నూలు వైపుల నుంచి వచ్చిన లారీలు దిగుతున్నాయి. తలపాగాను ముక్కు దాకా చుట్టుకున్న హమాలీలు, బస్తా మూతి విప్పి గుప్పెడు కాయలు తీసి ఎండలో తిప్పి చూసే వ్యాపారులు. ధర మాట్లాడేది క్వింటాలుకి. మనలాంటి వాళ్ళకి అక్కడ అమ్మరు. రైతు సరుకు కమిషన్ ఏజెంటు దగ్గర దిగుతుంది, లైసెన్సున్న వ్యాపారి కొంటాడు. మనకి పదీ ఇరవై కిలోలు కావాలంటే చుట్టుపక్కల దుకాణాలే గతి. ఆ సంగతి ముందే తెలుసు గానీ, దుకాణంలో బేరమాడే ముందు ఆ రోజు సరుకు ఎలా ఉందో కళ్ళారా చూడాలని పిన్ని పట్టు.

చూడ్డం ఎంత లాభమో తర్వాత తెలిసింది. తేజ రకం మిర్చి సన్నగా, పొట్టిగా, నిగనిగలాడుతూ ఉంటుంది. దాని ఘాటు దేనితోనూ పోల్చలేం. 334 అనే రకం కాస్త పొడుగు, తోలు మందం, రంగూ కారమూ సమానంగా ఉంటాయి. బ్యాడిగి ముడతలు ముడతలుగా ఉండి రంగు మహా ఎక్కువ, కారం తక్కువ. పిన్ని పాళ్ళు ఆమెకున్నాయి: రెండు వంతులు 334, ఒక వంతు బ్యాడిగి, తేజ పేరుకి కాసిని. "తేజ ఎక్కువైతే మీ బాబాయి కూర కలుపుకోవడం మానేసి నా మొహం చూస్తాడు" అంటుంది.

మొదటి దుకాణంలో ఆయన చాలా ఎర్రటి సరుకు చూపించాడు. "నిన్న దిగిందమ్మా, కొత్త కాయ" అన్నాడు. పిన్ని పైన చూడలేదు. బస్తా అడుగు దాకా చెయ్యి దోపి, ఒక్క నిమిషం అలాగే ఉంచి, "చల్లగా ఉందేమిటి నాయనా?" అంది. ఆయన నవ్వేశాడు. "ఏసీ సరుకేలెండమ్మా, నిరుటిది."

కోల్డ్ స్టోరేజీలో పెట్టిన మిర్చిని ఇక్కడ ఏసీ సరుకంటారు. అదేమీ దొంగ సరుకు కాదు, రంగు బాగానే నిలుస్తుంది, కావాలని కొనేవాళ్ళూ ఉన్నారు. కాకపోతే చలిలోంచి బయటికి తీశాక చెమ్మ పట్టి మెత్తబడుతుంది. వెంటనే కారం కొట్టించేవాళ్ళకి ఫర్వాలేదు, ఇంట్లో డబ్బాల్లో ఏడాది పెట్టుకునే మాకు పనికిరాదు. నాకు కోపం వచ్చింది నిరుటి సరుకు చూపించినందుకు కాదు, కొత్తదని చెప్పినందుకు.

మూడో దుకాణంలో కుదిరింది. పిన్ని పరీక్షలు చూసి అక్కడి కుర్రాళ్ళు పని ఆపేశారు. కాయ చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తే లోపల గింజ గలగలలాడాలి. వంచితే తోలు విరగాలి గానీ మెత్తగా మడత పడకూడదు, అలాగని పొడిపొడి అయిపోకూడదు. ముచ్చిక ఊడకుండా ఉండాలి, ముచ్చిక ఉన్న కాయ ఎక్కువ రోజులు నిలుస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, కాయ నిలువునా చీల్చి లోపల చూడాలి. పైన ఎర్రగా మెరిసే కాయలో గింజల చుట్టూ బూడిద రంగు బూజు ఉండొచ్చు. తూకం కోసం నీళ్ళు చల్లిన సరుకులో ఇది మామూలే, అలాంటి బూజుతోనే అఫ్లటాక్సిన్ అనే విషం కూడా తయారవుతుంది. పిన్ని పది కాయలు చీల్చింది, పదీ శుభ్రంగా ఉన్నాయి. తాలు కాయలు, అంటే తెల్లబోయినవి, అక్కడక్కడా ఉంటే "ఇవి ఏరించి ఇవ్వు" అని పద్దెనిమిది కిలోలు తూయించింది. మూటలు బ్రాడీపేటలో చుట్టాలింట్లో పడేశాం. మిర్చి బస్తాతో స్లీపర్ కోచ్‌లో రాత్రంతా ప్రయాణం చేస్తే తోటి ప్రయాణికులు మమ్మల్ని మధ్యలోనే దింపేస్తారు.

రెండో రోజు, దుగ్గిరాల

దుగ్గిరాల చిన్న ఊరు. కానీ పసుపు వ్యాపారంలో పేరు మాత్రం పెద్దది. నిజామాబాద్ వాళ్ళు ఒప్పుకోరనుకోండి. వాళ్ళ దగ్గర యార్డు ఉంది, 2025 జనవరి నుంచి జాతీయ పసుపు బోర్డూ ఉంది.

పసుపు గురించి నాకున్న అజ్ఞానం ఇక్కడే బయటపడింది. తవ్వి ఎండబెడితే పసుపు కొమ్ము అవుతుందనుకునేవాణ్ణి. అలా కాదు. తవ్విన దుంపల్ని నీళ్ళలో ముప్పావుగంట, గంట ఉడకబెడతారు. నురగ పైకి వచ్చి, పచ్చి వాసన పోయి పసుపు వాసన రావడం మొదలయ్యాక దింపుతారు. ఆ తర్వాత పది పదిహేను రోజులు ఎండ. అప్పుడు డ్రమ్ములో వేసి తిప్పితే పైపొట్టు రాలి మెరుపు వస్తుంది. ఇంత చేసినా పచ్చి పసుపు వంద కిలోలకి ఎండు కొమ్ము ఇరవై, ఇరవై అయిదు కిలోలే.

మేము వెళ్ళిన కల్లంలో ఎండుతున్న పసుపు పక్కనే ఒకాయన మంచం వేసుకుని కూర్చున్నాడు. పిన్ని ఒక కొమ్ము తీసుకుని విరవబోయింది. విరగలేదు. రాతి మీద కొడితే ఠంగున మోగి రెండు ముక్కలైంది. లోపల నారింజ రంగు, గాజులా నున్నగా. "ఇట్లా మోగితేనే ఎండినట్టమ్మా" అన్నాడాయన. "మెత్తగా విరిగిందంటే ఇంకా నీళ్ళున్నట్టు. మీ డబ్బాలో పురుగు పడుద్ది."

పైన మరీ పచ్చగా, చేతికి రంగు అంటుకునే కొమ్ముల్ని నమ్మకూడదని కూడా ఆయనే చెప్పాడు. మెరుపు కోసం లెడ్ క్రోమేట్ అనే పసుపుపచ్చ రంగు పూసే పాడు అలవాటు ఉపఖండంలో చాలాచోట్ల బయటపడింది. అందులో ఉండేది సీసం, ఒంట్లో చేరితే అంత తేలిగ్గా పోదు. పొడిలో ఏం కలిపారో కళ్ళతో చూసి కనిపెట్టడం మన వల్ల కాదు, అందుకే పిన్ని పసుపు ఎప్పుడూ కొమ్ములే కొని మరకి పంపుతుంది. నాలుగు కిలోలు కొన్నాం. సాయంత్రం తెనాలి వచ్చి శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కేశాం.

మూడో రోజు, రైలు, బస్సు

చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. మధ్యాహ్నం కొట్టాయంలో దిగి ఇడుక్కి కొండల్లోని కుమిళికి బస్సు పట్టుకున్నాం. నాలుగు గంటల ప్రయాణం. ముండక్కయం దాకా రబ్బరు తోటలు, పీరుమేడు దగ్గర తేయాకు, వండిపెరియార్ దాటాక గాలి చల్లబడింది. పిన్ని మలుపుల్లో కళ్ళు మూసుకుని విష్ణు సహస్రనామం చదువుకుంది.

నాలుగో రోజు, ఏలకుల తోట

వండన్‌మేడు వైపు ఒక తోట యజమాని మమ్మల్ని రమ్మన్నాడు. బస చేసిన ఇంటివాళ్ళ పరిచయం. ఆయనకి మలయాళం, తమిళం. పిన్నికి తమిళం సీరియళ్ళలో విన్నంత. అయినా ఇద్దరూ రోజంతా ఆగకుండా మాట్లాడుకున్నారు.

"చేచీ, వరూ" అన్నాడు రాగానే.

"చేచీ అంటే ఏంట్రా?"

"అక్క, పిన్నీ."

"అయితే తమ్ముడే. ధర తగ్గిస్తాడు."

ఏలకులు కొమ్మలకి కాస్తాయనుకునేవాళ్ళు నాలాగే ఇంకా ఉంటారు. మొక్క మనిషిని మించి ఎదుగుతుంది గానీ కాయలు మాత్రం మొదలు దగ్గర, నేల మీద పాకినట్టుండే కాడలకి కాస్తాయి. కోసే ఆడవాళ్ళు నీడలో, తడి ఆకుల మధ్య గొంతుక్కూర్చుని ఒక్కొక్క కాయే చూసి కోస్తారు. ఒకే గుత్తిలో కాయలన్నీ ఒకేసారి ముదరవు. నెల, నెలన్నరకి ఒకసారి మళ్ళీ అదే మొక్క దగ్గరికి రావాలి. ఇది చూశాక ఏలకుల ధర గురించి గొణగడం మానేశాను.

ఎండబెట్టేది ఎండలో కాదు. ఎండలో పెడితే ఆకుపచ్చ పోయి పాలిపోతాయి. ఒక గదిలో జల్లెడ తట్టలు అంతస్తులుగా పేర్చి, కింద నుంచి వేడి గాలి పంపుతారు. 45 నుంచి 55 డిగ్రీల మధ్య దాదాపు ఒక పగలూ రాత్రీ. అయిదు కిలోల పచ్చి కాయ ఒక కిలో అవుతుంది. తలుపు తీసి లోపలికి తొంగి చూస్తే ఆ వాసన... పాయసం గిన్నె మూత తీసినప్పుడు వచ్చేది దీని ముందు ఏపాటి! పిన్ని కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ తొంగి చూసింది.

తర్వాత తీగ జల్లెడ మీద రుద్ది తోకలు రాలుస్తారు, సైజుల వారీగా జల్లిస్తారు. అంగట్లో అంతా మిల్లీమీటర్ల మాటే. ఎనిమిది మిల్లీమీటర్ల కాయ అందరికీ ముద్దు, దానికే ధర. ఆయన మాత్రం వేరే మాట చెప్పాడు. అలెప్పీ గ్రీన్ ఎక్స్‌ట్రా బోల్డ్ అనే గ్రేడుకి 7 మిల్లీమీటర్ల సైజు ఉంటే చాలదు, లీటరు కొలత 435 గ్రాములు తూగాలి. అంటే చూడ్డానికి లావుగా ఉండి లోపల గింజ లేని కాయ పనికిరాదన్నమాట.

పిన్ని సంచీలోంచి స్టీలు గ్లాసు తీసింది. ఆ గ్లాసు ఎందుకు తెస్తోందో బయల్దేరినప్పుడు అడిగితే "నీళ్ళు తాగడానికి" అంది. పెద్ద కాయలు ఒక గ్లాసు, మధ్య రకం ఒక గ్లాసు తలకొట్టి పోసి, రెండూ ఆయన కాటాలోనే తూయించింది. మధ్య రకమే బరువు తూగింది. పెద్దది పోయిన కోతది, ఇది మొన్నటి కోతది. ఒకటి చీల్చి చూపించాడు. గింజలు నల్లగా, జిగురుగా, ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. పాత కాయలో గింజలు పొడిగా, గోధుమ రంగులో విడివిడిగా రాలుతాయి. నములు, తేడా నీకే తెలుస్తుంది అన్నట్టు సైగ చేశాడు. పాతదాన్లో తీపి వచ్చి ఆగిపోయింది. కొత్తదాన్లో తీపి తర్వాత గొంతులో చల్లగా పాకింది.

ఇక్కడి సరుకులో ఎక్కువ భాగం వేలానికే పోతుంది. స్పైసెస్ బోర్డు 2007లో ఈ-వేలం మొదలుపెట్టింది. ఇటు పుట్టడిలో, కొండ దిగితే తమిళనాడులోని బోడినాయకనూరులో. అక్కడా లైసెన్సున్నవాళ్ళే కొనాలి. మాకు ఆ టెన్షన్ లేకుండా ఆయన ఇంట్లోనే కిలో తూచి, నల్లటి పాలిథిన్ సంచీలో కట్టి ఇచ్చాడు. నలుపు ఎందుకంటే వెలుతురు తగిలితే పచ్చదనం పోతుందట. గాజు సీసాలో పోసి అరమార్లో అందంగా పెట్టుకునే మా అక్కకి ఈ ముక్క ఫోన్ చేసి చెప్పాను. నచ్చలేదు.

తమ్ముడు ధర మాత్రం తగ్గించలేదు.

అయిదో రోజు, మిరియాలు, నేను చేసిన ఘనకార్యం

పొద్దున్నే ఒక మిరియాల ఇంటికి వెళ్ళాం. తోట అనడం కంటే ఇల్లు అనడమే సరి. ఇంటి చుట్టూ ఉన్న ప్రతి చెట్టుకీ మిరియాల తీగ పాకి ఉంది. గుత్తిలో ఒకటి రెండు గింజలు ఎర్రబడగానే నిచ్చెన వేసి గుత్తులు కోస్తారు. గింజలు రాల్చి, మరిగే నీళ్ళలో ఒక్క నిమిషం ముంచి తీస్తారు. అలా ముంచితే నలుపు సమంగా వస్తుంది, దుమ్మూ పోతుంది. తర్వాత మేడ మీద చాపలపై ఎండ. వంద కిలోలు మూడో వంతుకి దిగుతుంది.

మేడ మీద చాపలో గింజలు ఇంకా వెచ్చగా ఉన్నాయి. గుప్పెట్లో పట్టుకుంటే గులకరాళ్ళలా బరువు. పిన్ని గ్లాసులో నీళ్ళు పోసి నాలుగు గింజలు వేసింది, నాలుగూ మునిగాయి. తేలితే అది తాలు గింజయినా అయ్యుండాలి, ఎండు బొప్పాయి గింజయినా అయ్యుండాలి. బొప్పాయి గింజ కోలగా ఉంటుంది, కొరికితే ఘాటుండదు. 'తెల్లిచెర్రి' అని రాసి ఎక్కువ ధరకి అమ్మే మిరియాలు తలస్సేరిలోనే పండాలని లేదని కూడా ఇక్కడే తెలిసింది. వ్యాపారంలో అది సైజు పేరు. 4.25 మిల్లీమీటర్ల జల్లెడ మీద నిలిచే పెద్ద గింజలన్నమాట. మేము జల్లించనివే మూడు కిలోలు తీసుకున్నాం. ఎలాగూ దంచేదే కదా.

మధ్యాహ్నం పిన్ని నడుం వాల్చింది. నేను బజారు చూసొస్తానని బయల్దేరి, టూరిస్టు బస్సులు ఆగే ఒక పెద్ద స్పైస్ షాపులో పడ్డాను. చల్లటి ఏసీ, గాజు జాడీలు, ఏలకుల టీ ఉచితం. లవంగాలు మా జాబితాలో ఉన్నాయి. షాపతను "ఫ్రెష్ సార్, సొంత తోట" అన్నాడు. అరకిలో కొనేశాను. పిన్ని లేకుండా నేనూ కొనగలనని చూపించాలన్న ఉబలాటం తప్ప వేరే కారణం లేదు.

రాత్రి పొట్లం విప్పగానే పిన్ని ఏమీ అనలేదు. గ్లాసు తీసింది. నీళ్ళు పోసి పది లవంగాలు వేసింది. నూనె ఉన్న లవంగం మునుగుతుంది, లేదా మొగ్గ పైకి పెట్టి నిటారుగా నిలబడుతుంది. నావి పదిలో ఎనిమిది నీళ్ళ మీద అడ్డంగా, హాయిగా పడుకున్నాయి. ఒకదాన్ని గోటితో నొక్కింది. మంచి లవంగమైతే నూనె చెమ్మ కనబడుతుంది. దీనికి గోటి గాటు మాత్రమే పడింది. నూనె తీసేసిన పిప్పి.

"వాసనైనా చూడలేదట్రా?"

చూశాను. షాపంతా లవంగం వాసనే. జాడీలోది ఏదో, గదిలోది ఏదో ముక్కుకి ఎలా తెలుస్తుంది?

మర్నాడు పొద్దున తిరిగి ఇవ్వబోతే, ఒకసారి అమ్మింది వెనక్కి తీసుకోం అన్నారు. అంతే.

ఆరో రోజు, మట్టాంచేరి

కుమిళి నుంచి కొచ్చికి బస్సు. మట్టాంచేరి యూదుల వీధిలో సగం దుకాణాలు ఇప్పుడు పాత సామాన్లు, పష్మినా శాలువలు అమ్ముతున్నాయి. 1568 నాటి యూదుల ప్రార్థనామందిరం చూసొచ్చేవాళ్ళకి అవే కావాలి మరి. కానీ వీధి వదిలి బజారు రోడ్డు పట్టుకుంటే గోడౌన్లు ఇంకా బతికే ఉన్నాయి. శొంఠి బస్తాలు, కళ్ళు మండించే సున్నం పొడి దుమ్ము, పాత పెంకుల కింద చీకటి. వాస్కోడగామా ప్రాణాలు వదిలింది ఈ కొచ్చిలోనే, 1524లో. మిరియాల కోసం అంత దూరం వచ్చినవాడు, పిన్ని మాటల్లో, "మనలాగే పిచ్చివాడు".

ఒక హోల్‌సేల్ కొట్లో ముసలాయన లవంగాల దగ్గర నా గొడవ విని నవ్వాడు. మన దేశంలో పండే లవంగం చాలదు, మడగాస్కర్, కొమొరోస్, టాంజానియాల నుంచి వస్తుందని చెప్పాడు. సొంత తోట అన్న మాట వినగానే అనుమానించాల్సిందని నాకు అప్పుడు అర్థమైంది. ఆయన కొట్లో లవంగాలు గ్లాసులో నిలబడ్డాయి. అరకిలో మళ్ళీ కొన్నాం. జాజికాయలు చెవి దగ్గర ఆడించి, లోపల గింజ లొడలొడలాడేవి ఏరుకున్నాం. జాపత్రి రేకులు పొడిపొడి కాకుండా విరిగేవి వంద గ్రాములు.

దాల్చినచెక్క దగ్గర ఆయన రెండు రకాలు పక్కపక్కన పెట్టాడు. ఒకటి శ్రీలంకది. కాగితంలాంటి పల్చటి పొరలు చుట్టలా ఒకదాన్లో ఒకటి దూరి ఉంటాయి, వేళ్ళతోనే నలిగిపోతుంది, వాసన మెత్తన. రెండోది కాసియా. మందంగా ఒకే పొర, విరవాలంటే రోలు కావాలి, ఘాటు ఎక్కువ. మన బజార్లో దాల్చినచెక్క పేరుతో ఎక్కువగా అమ్మేది ఇదే. కాసియాలో కౌమరిన్ అనే పదార్థం చాలా ఎక్కువ, రోజూ కషాయాలు తాగేవాళ్ళ కాలేయానికి అది మంచిది కాదు. బిర్యానీలో ఒక ముక్కకి ఏమీ కాదనుకోండి. పిన్ని టీకి, పాయసానికి శ్రీలంకది పావుకిలో, బిర్యానీకి కాసియా పావుకిలో తీసుకుంది.

జీలకర్ర, ధనియాలు కూడా చూపించాడు. పిన్ని ముట్టుకోలేదు. జీలకర్ర గుజరాత్‌లోని ఉంఝా నుంచి, ధనియాలు రాజస్థాన్, మధ్యప్రదేశ్ వైపు నుంచి వస్తాయి. అంత దూరం దాటి ఇక్కడికొచ్చిన సరుకుని మళ్ళీ మనం మోసుకుపోవడమెందుకని ఆమె వాదన. నిజమే గానీ, ఆ మాట విన్న క్షణం నుంచి నాకు వచ్చే ఏడు గుజరాత్ ప్రయాణం కళ్ళముందు కనబడుతోంది.

ఏడు, ఎనిమిదో రోజులు

తిరుగు రైలు. సీటు కింద పెట్టిన సంచీలోంచి ఏలకుల వాసన రాత్రంతా. పై బెర్తులో పెద్దాయన పొద్దున్నే దిగుతూ, "రాత్రంతా పాయసం తిన్నట్టు కలలొచ్చాయమ్మా" అన్నాడు. గుంటూరులో మిర్చి మూటలు ఎక్కించుకున్నాక అలాంటి మెప్పు ఎవరి నుంచీ రాలేదు.

ఇంటికొచ్చిన మర్నాడు మిర్చిని రెండు గంటలు ఎండలో పోసి, చల్లారాకే డబ్బాలకెత్తాం. వేడి మీద మూత పెడితే లోపల చెమ్మ చేరుతుంది. ఆరు ఇళ్ళ వాళ్ళూ డబ్బాలు పట్టుకుని వచ్చేశారు. పిన్ని ఎవరికీ పొడి కొట్టించి ఇవ్వలేదు. గింజ గింజగా ఉన్నంతకాలం వాసన లోపలే ఉంటుంది, పొడి చేస్తే ఆర్నెల్లు తిరిగేసరికి తగ్గిపోతుంది. అందుకని నెలకి సరిపడా ఎవరి ఇంట్లో వాళ్ళే కొట్టుకోమంది. మా అక్క గాజు సీసాలే తెచ్చింది, పిన్ని వాటికి పాత చీర ముక్క చుట్టి ఇచ్చింది.

ప్రతి డబ్బాకీ తెల్ల టేపు ముక్క అంటించి పెన్నుతో తారీఖు రాసింది. కొన్న తారీఖు కాదు, కోసిన నెల. మిర్చి, ఫిబ్రవరి. ఏలకులు, ఫిబ్రవరి. మిరియాలు, ఫిబ్రవరి. జాజికాయ దగ్గర ఆగి, ముసలాయన ఏ నెల చెప్పాడో నన్నడిగి రాసింది.

కుమిళి లవంగాల డబ్బా ఒకటి మిగిలింది. నెల అడుగుతుందేమోనని నేను వంటింట్లోంచి జారుకున్నాను. తర్వాత చూస్తే టేపు మీద నెల లేదు. "వీడు కొన్నవి" అని ఉంది.